ప్రార్థనకు తర్జుమా

ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే ఏసుపాదానికి సాయంత్రం బ్యాచీ అంటే వెగటు. పొద్దున వచ్చే ఇంటరు తప్పిన పిల్లలే నయం. తమకి ఇంగ్లీషు రాదన్న సంగతి వాళ్ళకి తెలుసు. సాయంత్రం వచ్చేవాళ్ళు నాయకులు. గవర్నరుపేటలో ఓ కాఫీ హోటలు మేడమీద, కిందనుంచి పెనం మాడిన వాసన ఎగదన్నుతుంటే, పిల్లల బెంచీల మధ్య పొట్టలు ఇరికించుకుని, గంజిపెట్టిన ఖద్దరు నలగకుండా మోచేతులు ఎత్తిపట్టుకుని "డెమోక్రసీ, డెమోక్రసీ" అని వల్లెవేసేవాళ్ళు.

ఎమర్జెన్సీ రోజుల్లో ఈ నోళ్ళే ఇదే గదిలో "డిసిప్లిన్" నేర్చుకున్నాయి. కిందటేడు ఢిల్లీలో గాలి మారాక వారం తిరక్కుండా వచ్చి "మాస్టారూ, ఈ సివిల్ లిబర్టీస్ అంటే ఏవిటండీ, కాస్త మాక్కూడా చెప్పండి" అన్నాయి. ఏసుపాదం చెప్పాడు. ఇప్పుడు అసెంబ్లీ ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి గనక బ్యాచీ కిటకిటలాడుతోంది.

బోర్డుమీద నిలువుగా గీత గీసి ఎడంపక్క తెలుగు, కుడిపక్క ఇంగ్లీషు రాసేవాడు. "ఇళ్ళు పీకేశారు" అని ఇటు రాస్తే "రీలొకేషన్" అని అటు. "నోళ్ళు మూయించారు" అని ఇటు, "కన్సెన్సస్" అని అటు. "మనవాళ్ళకే ఇచ్చుకున్నాం" అంటే "లోకల్ పార్టిసిపేషన్". మొదట్లో వెక్కిరింపుగానే రాశాడు. ఒక్కడైనా నవ్వుతాడేమోనని వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కడూ నవ్వలేదు, అందరూ బుద్ధిగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. దాంతో అతనూ వెక్కిరించడం మానేసి మామూలు పాఠంలాగే చెప్పుకుపోతున్నాడు.

వెంకటకృష్ణారావు మాత్రం బెంచీమీద కూర్చోడు. ఆయనకోసం హోటల్లోంచి కుర్చీ తెప్పించాలి. పాత సమితి ప్రెసిడెంటు, రైసుమిల్లుంది, ఓ కాలేజీ కమిటీకి సెక్రటరీ. ఏ పార్టీ టిక్కెట్టిస్తే ఆ పార్టీ సిద్ధాంతమే తన సిద్ధాంతమని బాహాటంగా చెప్పుకునే మనిషి. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాడికి రాజకీయాలెందుకని ఆయన వాదం. ఆ వేళ క్లాసు అయిపోయాక అందరూ దిగిపోయినా ఆయన కుర్చీ వదల్లేదు.

"ఏవయ్యా మాస్టారూ, దిబ్బపాలెం మీవాళ్ళదేగా?"

"మా పెద్దమ్మ ఉంటుందండీ అక్కడ. ఎలిజబెత్తమ్మ. మిషనువాళ్ళ బైబిలు స్త్రీ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతుంది."

"ఆ తెల్లచీర ముసలమ్మ! తెలుసు, తెలుసు. ఎల్లుండి అక్కడికి లార్సన్ దొర వస్తున్నాడు. ఉప్పెన షెల్టరుకి డబ్బిచ్చే విదేశీ సంఘం ఆయనదే. షెల్టరు కమ్ గోడౌను కమ్ కమ్యూనిటీ హాలు. దిబ్బమీద కట్టించాలనుకుంటున్నాం."

నవంబరు ఉప్పెనకి ఏటిమొగ దగ్గరున్న పాలెం తుడిచిపెట్టుకుపోయింది. దిబ్బ ఎక్కగలిగినవాళ్ళు మిగిలారు, ఎక్కలేనివాళ్ళు పోయారు. మిగిలినవాళ్ళు మళ్ళీ కిందకి దిగలేదు. ఆ దిబ్బమీదే తాటాకులు కప్పుకుని ఉంటున్నారు.

"దిబ్బమీద ఇళ్ళున్నాయి గదండీ" అన్నాడు ఏసుపాదం.

"ఇళ్ళేంటయ్యా, ఎంక్రోచ్‌మెంటు! నువ్వేగా నేర్పింది?" వెంకటకృష్ణారావు పకపకా నవ్వాడు. "వాళ్ళని పాతచోటికి పంపించేద్దాం."

"పాతచోటు సముద్రప్పక్కనండీ. మళ్ళీ ఉప్పెనొస్తే..."

"వస్తే షెల్టరుందిగా!"

ఈ జవాబుకి ఏసుపాదం తెల్లబోయి చూశాడు. చెప్పినవాడి మొహంలో తడబాటన్నది లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, ఉప్పెన్లో పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు చెప్పి, ఆయన అసలు సంగతికొచ్చాడు.

"దొరకో జబ్బుంది. జనం నోటితో జనమే ఒప్పుకోవాలిట, అదీ తన చెవులతో తను వినాలిట. దాన్నేవంటారు ఇంగ్లీషులో?"

"కన్సెంటండీ."

"ఆ. అదీ నువ్వు తీసుకురావాల్సింది. జూన్లో కాలేజీ తెరిచేసరికి ఇంగ్లీషు లెక్చరరు పోస్టు నీది. పర్మనెంటు."

పర్మనెంటు. ఎమ్మే పాసైన దగ్గర్నుంచీ ఏసుపాదం ఇంతకంటే అందమైన ఇంగ్లీషుమాట వినలేదు. తలకి కొబ్బరినూనె రాసుకున్నంత చల్లగా దిగింది లోపలికి. సరేనండీ అన్నాడు.

మర్నాడు సూర్యారావుపేటలో రావుగారింటి వరండాలో రిహార్సలు జరిగింది. ఆయన వాలుకుర్చీలో పడుకుని వక్క నములుతూ ఉపన్యాసం చెప్పడం, ఏసుపాదం స్టూలుమీద కూర్చుని దిద్దడం. ఆయన "రీహాబిలిటేషన్" దగ్గర నాలుక మడతబడి ఆగిపోయేవాడు. మడతబడిన ప్రతిసారీ పనివాణ్ణి పిలిచి తిట్టేవాడు, వాడేదో ఆ మాటని కనిపెట్టినట్టు.

"రేపు నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను. నువ్వు తెలుగులో చెప్పు."

"మీరు తెలుగులోనే మాట్లాడితే జనానికి..."

"జనానికేం కావాలయ్యా? దొర వినాలి." వెంకటకృష్ణారావు లేచి కూర్చున్నాడు. "చూడు మాస్టారూ, నీకు విడమరిచి చెబుతాను. దొర అడిగింది జనానికి అర్థం కాకూడదు. జనం చెప్పింది దొరకి అర్థం కాకూడదు. మధ్యలో నువ్వుండాలి. ఇంతే నీ ఉద్యోగం. ఏం, కష్టవా?"

కష్టం కాదని ఏసుపాదానికి తెలుసు. మిషను దొరలు వచ్చినప్పుడు ఇరవయ్యో ఏటినుంచీ ప్రసంగాలు తర్జుమా చేసినవాడు. దొర ముక్కుతూ మూలుగుతూ చప్పగా చెప్పినదాన్ని ఉప్పూకారం వేసి చెప్పి జనం చేత కన్నీళ్ళు పెట్టించిన రోజులున్నాయి. పైగా ఆ పాలెం జనం మీద అతనికి గౌరవమేమీ లేదు. దేనికైనా తలూపే గొర్రెలమంద అన్నదే అతని అభిప్రాయం. వాళ్ళలోంచి తను బయటపడ్డాడు, వాళ్ళు పడలేకపోయారు, అది తన తప్పా?

ఇలా తనకి తను చెప్పుకుంటూనే మూడోనాడు పొద్దున జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు.

దిబ్బమీద షామియానా వేశారు. దాని గుంజలు పాతడానికి అడ్డమొచ్చిందని ఒక గుడిసె చూరు కోసేశారు. ఆ గుడిసెవాళ్ళే వచ్చి షామియానా కింద నేలమీద కూర్చున్నారు. ముందువరసలో ఎలిజబెత్తమ్మ, తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చుంది. ఉప్పెన నీళ్ళకి నానిన బైబిలు ఎండి ఉబ్బి రెట్టింపు లావైంది. ఏసుపాదాన్ని చూసి "ఏరా, చిక్కిపోయావు. రావుగారు ఉజ్జోగం ఇస్తానన్నాడంటగా" అంది.

లార్సన్ దొర పొడుగ్గా, ఎర్రగా, కాస్త వంగి ఉన్నాడు. వెంకటకృష్ణారావు వేసిన బంతిపూల దండ తీసి కుర్చీ చేతికి తగిలించి, అందరికీ వంగి దణ్ణం పెట్టాడు.

వెంకటకృష్ణారావు లేచాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ జనాన్ని తెలుగులోనే తిట్టిన మనిషి, గొంతు సవరించుకుని, "డియర్ బ్రదర్స్ అండ్ సిస్టర్స్" అన్నాడు.

"ప్రియమైన సహోదర సహోదరీలారా" అన్నాడు ఏసుపాదం.

"ఆమేన్!" అంది పాలెం ఒక్క గొంతుతో.

వాళ్ళ తప్పేముంది? ఇంగ్లీషులో ఒకడు ఓ ముక్క చెప్పడం, పక్కవాడు దాన్ని తెలుగులో అనడం, తాము ఆమేన్ అనడం, ఈ మూడూ వాళ్ళ తాతలనాటినుంచీ వరసగా జరిగే పని. రావుగారు ఉలిక్కిపడ్డాడు గానీ దొర మొహం వికసించడం చూసి రెచ్చిపోయాడు. "డెమోక్రసీ ఈజ్ అవర్ బ్రెత్" అన్నాడు. ఆమేన్. "రీహాబిలిటేషన్ ఈజ్ మై లైఫ్ మిషన్" అన్నాడు, నాలుక మడతబడకుండా. ఆమేన్. ఏసుపాదం వైపు ఓరగా చూసి కన్నుకొట్టాడు కూడా. శవాలమీద పేలాలేరుకునేవాడికి ఆ పేలాలు వేయించి చేతికిచ్చినట్టయింది.

ఆ తర్వాత దొర జనంలో ఎవరైనా మాట్లాడమన్నాడు. ఏసోబు తాత కర్ర ఊతంగా పైకి లేచాడు.

"అయ్యా, ఉప్పెన్లో నా కొడుకూ కోడలూ పోయారయ్యా. మనవరాల్ని నా భుజాన కట్టుకుని ఈ దిబ్బెక్కాను. రిలీఫు బియ్యం రావుగారి మిల్లులో దించారు. మాదాకా వొచ్చేసరికి నూకలే వొచ్చినయ్. పోన్లే, తిన్నాం. ఇప్పుడు దిబ్బ కూడా ఇయ్యమంటున్నారంట. ఇది లేకపోతే మేం చచ్చేవాళ్ళమయ్యా. ఇదొక్కటీ వొదిలెయ్యమని దొరగారికి చెప్పు బాబూ."

తలూపే గొర్రెలనుకున్నవాళ్ళలో ఒకడు ఇంత తేటగా మాట్లాడతాడని ఏసుపాదం అనుకోలేదు. వెనకనుంచి వెంకటకృష్ణారావు దగ్గాడు.

ఏసుపాదం ఇంగ్లీషు అందుకున్నాడు. ఈ వృద్ధుడు ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొన్నాడనీ, అందిన సహాయానికి కృతజ్ఞుడనీ, ఈ దిబ్బ అందరికీ ఆశ్రయంగా నిలవాలని కోరుతున్నాడనీ చెప్పాడు. మాటలు నున్నగా, వరసగా వచ్చేశాయి. ఇన్నేళ్ళుగా బోర్డుమీద రాసిన కుడిపక్క మాటలన్నీ పిలవకుండానే వచ్చి నిలబడ్డాయి.

దొర సంతోషంగా నవ్వాడు. ముందుకొచ్చి ఏసోబు చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఏసోబు ఆ నవ్వునీ, ఊగుతున్న తన చేతినీ మార్చి మార్చి చూసి కూర్చున్నాడు. ఎలిజబెత్తమ్మ కూడా దొర నవ్వు చూసింది. చూసి, ఏసుపాదం వైపు తిరిగింది. అతను వెంటనే తన చెప్పుల వంక చూసుకున్నాడు.

దొర చివరి ప్రశ్న అడిగాడు. ఈ స్థలం మీ ఇష్టంతోనే ఇస్తున్నారా, పాతచోటికి వెళ్ళమని మిమ్మల్నెవరూ బలవంతపెట్టడంలేదు కదా అని. చిన్న చిన్న మాటల్లో, పిల్లలకి కూడా తెలిసేటట్టు అడిగాడు.

ఏసుపాదం గొంతు పెంచాడు. "ప్రజాసంక్షేమార్థమై ఉద్దేశింపబడిన ఈ బృహత్కార్యమునకు మీ యొక్క సంపూర్ణ సహకారము అనుగ్రహింపవలెనని దొరగారు మిమ్మును వేడుకొనుచున్నారు."

అచ్చం బైబిల్లో మాటల్లా ఉన్నాయి. వెనకవరసలో ఒకరిద్దరు అప్పుడే "ఆ..." అని మొదలుపెట్టారు. అంతలో ఎలిజబెత్తమ్మ చెయ్యెత్తింది.

"ప్రార్థన చేసుకుందాం" అంటూ లేచి నిలబడింది.

పాలెం అంతా లేచింది. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. మగవాళ్ళు తలగుడ్డలు తీశారు. దొర టోపీ తీసి తల వంచాడు. వెంకటకృష్ణారావు ఏసుపాదం చెవిలో ఏదో చెప్పబోయి, చుట్టూ మూసుకున్న కళ్ళు చూసి, తప్పనిసరై చేతులు జోడించాడు. ప్రార్థన మధ్యలో నోరెత్తడానికి ఓట్లు కావలసినవాడికి కుదరదు.

"పరిశుద్ధుడవైన మా తండ్రీ, నీకు స్తోత్రం. దూరదేశంనించి మా కష్టం చూడవచ్చిన దొరగారిని బట్టి నీకు స్తోత్రం" అని ఆవిడ ఆగింది.

ఎందుకాగిందో ఏసుపాదానికి తెలుసు. దొర ఉన్నచోట ప్రార్థన కూడా ముక్కముక్కగా తర్జుమా కావాలి. అది పద్ధతి. అతను ఆ ముక్కని ఇంగ్లీషులో చెప్పాడు.

"మా ఏసోబు తన బిడ్డల చావు చెబితే దొరగారు నవ్వాడు తండ్రీ. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి చేరాల్సిన మాట చేరలేదు."

ఆగింది. ఏసుపాదం దొర వంచిన తల వైపు చూశాడు. ప్రసంగానికి ఎన్ని రంగులైనా వేశాడు గానీ ప్రార్థనలో మాట మార్చినవాణ్ణి అతను పుట్టి ఎరగడు. అది మనుషులకి చెప్పే మాట కాదు. అతనికి దేవుడిమీద నమ్మకం ఎంతుందో అతనికే తెలీదు, కానీ భయం మాత్రం తల్లిపాలతో వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని తొందరలేకుండా నిలబడింది. కావాలంటే పొద్దుగూకేదాకా అలాగే నిలబడేటట్టుంది.

చెప్పాడు. దొర తలెత్తలేదు గానీ భుజాలు బిగుసుకున్నాయి.

"మధ్యలో నిలబడ్డవాడు మా బిడ్డే తండ్రీ. నా చెల్లెలి కడుపున పుట్టాడు. ఉజ్జోగం కోసం అబద్ధం చెబుతున్నాడు. వాణ్ణి క్షమించు."

షామియానా గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటోంది. "అబద్ధం చెబుతున్నాడు" అనాలా, "చెబుతున్నాను" అనాలా? తడుముకుని, తడుముకుని, "చెబుతున్నాను" అనేశాడు ఇంగ్లీషులో. నన్ను క్షమించు అని కూడా అన్నాడు. అంత చిన్న ఇంగ్లీషు వాక్యం అతను పెద్దయ్యాక ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఈ దిబ్బ మమ్మల్ని నీళ్ళలోంచి ఎత్తి పట్టుకుంది. దీన్ని మేం ఇయ్యం. మమ్మల్ని కిందకి దింపితే మళ్ళీ నీళ్ళలోకే దింపినట్టు. ఆ గోడౌనేదో రావుగారి మిల్లు పక్కనే కట్టించు తండ్రీ, ఆయనకీ నడక తగ్గుద్ది. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాము."

అంతా చెప్పాడు ఏసుపాదం, మిల్లు సంగతితో సహా. అందరూ ఆమేన్ అన్నారు. దొర కూడా అన్నాడు. పక్కనెవరో అన్నారని తనూ అనేసి వెంకటకృష్ణారావు నాలిక్కరుచుకున్నాడు.

దొర వెంటనే కళ్ళు తెరవలేదు. తెరిచాక తిన్నగా ఏసోబు దగ్గరికెళ్ళి, మోకాళ్ళమీద వంగి కూర్చుని, మళ్ళీ అడిగాడు. ఈసారి ఏసుపాదం ఉన్నదున్నట్టు చెప్పాడు. గోడౌను ఈ దిబ్బమీద కట్టేది లేదనీ, తమ సంఘం డబ్బిస్తే ఇక్కడ ఇళ్ళకే ఇస్తుందనీ దొర అన్నాడు.

ఇంకెవరైనా అయితే మొహం మాడ్చుకునేవాడు. వెంకటకృష్ణారావు గబుక్కున లేచి చప్పట్లు కొట్టాడు. "దిస్ ఈజ్ డెమోక్రసీ! పీపుల్ హావ్ స్పోకెన్!" అని అరిచి, ఎలిజబెత్తమ్మ కాళ్ళకి వంగి దణ్ణం కూడా పెట్టాడు. దొరతో వచ్చిన ఫోటోగ్రాఫరు ఆ దణ్ణాన్ని ఫోటో తీశాడు.

తిరుగుదారిలో జీపు కరకట్ట ఎక్కేదాకా ఏసుపాదం తిట్లకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తిట్టించుకుంటే కాస్త తేలికపడొచ్చనిపించింది. వెంకటకృష్ణారావు అతని తొడమీద చరిచాడు.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! ఏం నాటకం రక్తి కట్టించావయ్యా! నువ్వూ ముసలమ్మా ముందే అనుకున్నారా? నాకొక్క ముక్క చెప్పకపోయావా?"

"నాటకం కాదండీ."

"నా దగ్గరెందుకయ్యా? దొర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు! గోడౌనుకిచ్చేదానికి రెండింతలు ఇళ్ళకిస్తాడు. ఇంకో రెండూళ్ళున్నాయి మనకి. ముసలమ్మని జీపులో ఎక్కించుకుపోదాం. ఎక్కడికెళ్తే అక్కడ ఓ ప్రార్థన." వక్క నోట్లో వేసుకున్నాడు. "ఇహ దిబ్బ సంగతంటావా, అదీ మంచికే అయింది. ఇళ్ళు కట్టేస్తే బోలెడు పేరు. స్థలం పట్టా మాత్రం కమిటీ పేర పుట్టిద్దాం. కమిటీకి ప్రెసిడెంటెవరు?"

"మీరేనండీ."

"ఇళ్ళు వాళ్ళవి, కింద నేల మనది. నోరుమూసుకుని ఓట్లేసినన్నాళ్ళు ఉంటారు. దీనికో మంచి ఇంగ్లీషు మాటుండాలే..."

"ట్రస్టీషిప్పండీ" అన్నాడు ఏసుపాదం.

"అద్గదీ! గాంధీగారి మాట కూడానూ!"

నోరు దాటాకగానీ తనేం అందించాడో ఏసుపాదానికి తెలియలేదు. ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. అడగ్గానే అరువు గడ్డపారలా ఇచ్చేశాడు. ఛీ, అనుకున్నాడు. ఇందాక అంతమందిలో పడ్డ సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది. పక్కనున్న మనిషిని అసహ్యించుకుని ఇన్నాళ్ళూ తను వేరనుకున్నాడు.

"జీపు ఆపండి."

"ఏవయ్యా, వాంతా?"

"అలాంటిదేనండీ." దిగాడు. "ఆ లెక్చరరు పోస్టులో మీ మిల్లు గుమాస్తాని వేసుకోండి. నూకలు కలపడం ఆయనకీ వచ్చు."

వెంకటకృష్ణారావు నోట్లో వక్క అలాగే ఉండిపోయింది. తర్వాత ఆయన ఏమన్నాడో జీపు చప్పుట్లో వినపడలేదు, తియ్యటి మాటయితే కాదు.

కొంతదూరం నడిచి, అటెళ్ళే బస్సు పట్టుకుని, మళ్ళీ నడిచి ఏసుపాదం దిబ్బ ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. దారంతా చెప్పవలసింది కూర్చుకుంటూనే వచ్చాడు. కమిటీ పేర పట్టా అంటే ఏమిటో వీళ్ళకి విప్పి చెప్పాలి. తాసీల్దారు దగ్గరికి తనే తీసుకెళ్ళాలి. ఉద్యోగం వదులుకుని మరీ వచ్చినవాడు గనక ఆ మాత్రం పెద్దరికం తనదేననుకున్నాడు.

షామియానా విప్పుకుపోయారు. కోసిన చూరుకి ఇద్దరు తాటాకులు కడుతున్నారు. ఎలిజబెత్తమ్మ పొయ్యి ముందు గంజి కలుపుతోంది.

"జీపేదిరా?"

"దిగిపోయాను పెద్దమ్మా."

"ఉజ్జోగం?"

"అదీ అంతే. అందర్నీ పిలువు, చెప్పాలి."

వచ్చారు. అతను నిలబడి చెప్పాడు. కమిటీ పేర రాస్తే ఏమవుతుందో, ఎవరింటి పట్టా వాళ్ళ పేర ఎందుకు పుట్టించుకోవాలో, ఒక్క ఇంగ్లీషుమాట రాకుండా చూసుకుంటూ చెప్పాడు. ఎవరూ ఆమేన్ అనలేదు. అడ్డుపడి ప్రశ్నలేశారు. ఏసోబు తాత అన్నీ విన్నాడు.

"అయితే ఈ పట్టా రాయాల్సింది తాసీల్దారన్నమాట."

"అవును తాతా. నేను వచ్చి ఆయనతో మీ తరఫున..."

"ఆయనకి తెలుగొచ్చా?"

"వచ్చు తాతా."

"అయితే మజ్జెలో మనిషెందుకురా? మేమే పోయి చెప్పుకుంటాం." కోపంగా అనలేదు. కర్రతో పక్కన నేల చూపించాడు. "నువ్వు కూర్చుని గంజి తాగు."

ఏసుపాదం కూర్చున్నాడు. ఎలిజబెత్తమ్మ సత్తుగిన్నెలో గంజి పోసి, అంచుమీద ఉప్పు పెట్టి చేతికిచ్చింది. తాసీల్దారు దగ్గర ముందెవరు మాట్లాడాలన్నదాని మీద వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.